గీత దాటని బొమ్మ

ఆల్డర్‌విక్ ఊళ్ళో ఎవరు చేతులు కడుక్కుంటారో, ఎవరు కడుక్కోరో మావిస్ హార్డకర్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మార్కెట్ మూలనున్న పబ్లిక్ టాయిలెట్లకి పంతొమ్మిదేళ్ళుగా ఆవిడే కాపలా, ఆవిడే ఊడ్పు, ఆవిడే తుడుపు. ఇటు ఆడవాళ్ళవి, అటు మగవాళ్ళవి, మధ్యలో ఆవిడ గది. గది అంటే ఒక కుర్చీ, ఒక కెటిల్, గోడకి తగిలించిన మాప్‌లు. ఆ గోడ వెనకాలే కుళాయి గొట్టాలు పోతాయి. ఎవరు కుళాయి తిప్పినా ఆ గొట్టం గుర్రుమంటుంది. గుర్రుమనకపోతే, తిప్పలేదన్నమాట.

అలా కూర్చుని టీ తాగుతూనే ఆవిడ ఊరంతటినీ బేరీజు వేసేసింది. చేపల బండి బ్రయన్ రెండుసార్లు సబ్బు రాస్తాడు. చర్చి వికార్ గారు వేళ్ళ కొసలు తడిపి, దేవుడు క్షమిస్తాడులే అన్నట్టు వెళ్ళిపోతాడు. కౌన్సిలర్ డెరిక్ స్వేల్స్ మాత్రం పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కుళాయి తిప్పిన పాపాన పోలేదు. ఫ్లష్ చప్పుడు, జిప్ చప్పుడు, బూట్ల చప్పుడు, అంతే. ఆ చేత్తోనే నేరుగా మార్కెట్లోకి నడిచి కనపడ్డవాడికల్లా కరచాలనం. చీజ్ బండి దగ్గర రుచికి పెట్టిన ముక్కల్లో వేళ్ళు. పిల్లల తోపుడు బండిలో పడుకున్న పసిగుడ్డు బుగ్గ మీద చిటిక. ఛీ!

పైన పటారం, లోన లొటారం. సూటు మడత నలగదు, కోటు మీద ఎప్పుడూ ఒక గులాబీ. ఆ పెద్దమనిషే ఇప్పుడు ఈ టాయిలెట్లు మూసేసి, ఈ కట్టడాన్ని ఎవరో వైన్ బార్ పెట్టుకునేవాళ్ళకి అమ్మేద్దామంటున్నాడు. కౌన్సిల్లో స్వేల్స్‌ని పక్కన పెడితే అమ్ముదామనేవాళ్ళు పదిహేనుమంది, వద్దనేవాళ్ళు పదిహేనుమంది. ఎన్నికలయ్యాకే తేలుద్దామని ఆర్నెల్లుగా నానుతోంది. ఈ గురువారం ఎన్నికల్లో ఈ మార్కెట్ వార్డు ఒక్కటీ ఎవరికి దక్కితే మాట వాళ్ళది. స్వేల్స్‌కి పోటీ నిలబడ్డది రూత్ ఐన్లీ అనే టీచరమ్మ. తను గెలిస్తే టాయిలెట్లు మూయనివ్వనని కరపత్రం వేసింది.

మంగళవారం సంత రోజు. తొమ్మిదిన్నర బస్సు దిగి వాల్టర్ పికర్‌స్గిల్ తిన్నగా ఇక్కడికే వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. భార్య పోయాక వారానికి ఒక్కసారి, మంగళవారం నాడే ఇల్లు కదులుతాడు. పోర్క్ పై అనే మాంసం రొట్టె ఒకటి కొనుక్కుని, గడియారం కింద బెంచీ మీద కూర్చుని తిని, నలుగురితో నాలుగు మాటలాడి మధ్యాహ్నం బస్సుకి పోతాడు. ఈలోగా మూడుసార్లైనా మావిస్ తలుపు తొయ్యాలి. ఆ వయసులో ఆ బాధ అలాంటిది.

"మూసేస్తారటగా తల్లీ?" అన్నాడు తుడుచుకున్న చేతుల్ని మళ్ళీ తుడుచుకుంటూ.

"గురువారం తేలుతుంది. టీచరమ్మ గెలిస్తే మూయరు."

"గెలిపించండి మరి. నాది ఈ వార్డు కాదాయె, ఓటు లేదు. ఇది మూస్తే నా మంగళవారం మూసినట్టే. ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడుకోవాలి."

"మరీ అంత మాటా! హోటలు వాళ్ళు రానివ్వరా?"

"రానిస్తారు, ముందు ఏమైనా కొంటే. ఆ కొన్న టీ తాగితే మళ్ళీ వెళ్ళాలి. ఇక రోజంతా ఆ హోటల్లోనే కాపురం!" అని నవ్వి, ముసలాయన కర్ర తాటించుకుంటూ పోర్క్ పై కొట్టు వైపు వెళ్ళాడు.

పదకొండింటికి రూత్ ఐన్లీ వచ్చింది, వెంట ఫొటోలు తీసే కుర్రదాన్ని వేసుకుని. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నగా, గాలేస్తే పడిపోయేలా ఉంది. మావిస్ అప్పుడే ఆడవాళ్ళ వైపు నేలకి బ్లీచ్ కొట్టి, చేతి తొడుగులు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చింది. ఆ ఊళ్ళో ఆ క్షణాన అంతకన్నా శుభ్రమైన చేతులు డాక్టరుకి కూడా ఉండవు.

"మావిస్ గారూ, మీ గురించి చాలా విన్నాను. ఈ టాయిలెట్లు ఊరికి ఎంత అవసరమో మీకన్నా బాగా ఎవరు చెప్పగలరు?" అంటూ చెయ్యి చాపింది టీచరమ్మ. మావిస్ మురిసిపోయి చెయ్యి కలిపింది. ఫొటో క్లిక్కుమంది. టీచరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, జేబులోంచి చిన్న సీసా తీసి, అరచేతిలో జెల్ పిండుకుని రుద్దుకుంది. వేలి సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు దాకా. మావిస్ ఎదుటే!

మావిస్ మొహం జేవురించింది. టీచరమ్మ ఇంకేదో అంటోంది, గెలిస్తే ర్యాంపు కట్టిస్తాననీ, పసిపిల్లల గుడ్డలు మార్చడానికి తల్లులకి బల్ల వేయిస్తాననీ. మావిస్ చెవికి ఒక్కటీ ఎక్కలేదు. ఆ సీసానే చూస్తోంది. దొడ్లు కడిగే మనిషిని ముట్టుకున్నందుకు మైల వదిలించుకుంటోందా మహాతల్లి! టాయిలెట్లు కావాలి, ఓట్లు కావాలి, వాటిని కడిగే చెయ్యి మాత్రం అంటకూడదు.

వాళ్ళు వెళ్ళాక మావిస్ మగవాళ్ళ వైపు నేల రెండుసార్లు తుడిచింది. మొదటిది నేల కోసం, రెండోది ఒంటి మంట చల్లారక.

"ఒకడేమో కడుక్కోడు, ఒకతేమో నన్ను ముట్టుకుని కడుక్కుంటుంది. ఇద్దరికిద్దరూ ఒకే బురదలో పందులు," అంది పైకే. వినడానికి బకెట్ తప్ప ఎవరూ లేరు.

గురువారం పొద్దున్న పనిలోకి వెళ్ళేముందు మెథడిస్ట్ చాపెల్ హాల్లో ఓటు వెయ్యడానికి వెళ్ళింది. కిందటి రాత్రే అనుకుంది, వెయ్యనే వద్దని. కానీ వాళ్ళమ్మ చెప్పేది, ఓటు ఎగ్గొట్టినవాడికి తర్వాత సణిగే హక్కు ఉండదని. సణుగుడు మానుకోవడం మావిస్ వల్ల కాని పని. చీటీ ఇచ్చారు. చెక్క అర దగ్గర నిలబడి, దారంతో కట్టిన పెన్సిల్ ముక్క చేతిలోకి తీసుకుంది. పేర్లు రెండే. పైన ఐన్లీ, రూత్. కింద స్వేల్స్, డెరిక్. ఒక్కో పేరు పక్కన ఒక్కో గడి. కావాల్సినవాళ్ళ గడిలో ఇంటూ గుర్తు పెట్టాలి.

పెన్సిల్ పైగడి మీదికి వెళ్ళింది. వాల్టర్ గుర్తొచ్చాడు. వెంటనే ఆ జెల్ వాసన ముక్కుకి కొట్టినట్టయింది. నా చెయ్యి అంత అసహ్యమైందా నీకు? పెన్సిల్ కిందికి దిగింది.

నా ఒక్క ఓటు చెడగొడితే ఏం మునిగిపోదులే అనుకుంది. స్వేల్స్ గడిలో బొమ్మ వెయ్యడం మొదలెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా రోజూ కడుగుతున్నదే కాబట్టి ఆ ఆకారం కళ్ళు మూసుకుని వేయగలదు. కింద పెద్ద ముద్ద, దాని మీద చిన్న ముద్ద, పైన తోక తిరిగిన కొస, దాని మీద ఆవిరి పోతున్నట్టు మూడు గీతలు. మావిస్ ఏ పనైనా నీటుగా చేస్తుంది. బొమ్మ గడి మధ్యలో కుదురుగా కూర్చుంది. ఒక్క గీత కూడా అంచు దాటలేదు.

"నీకిదే తగిన ఓటు," అని గొణిగి, చీటీ మడిచి పెట్టెలో పడేసింది. పెట్టె దగ్గర కూర్చున్న గుమాస్తా "థాంక్యూ తల్లీ" అన్నాడు. చాపెల్ మెట్లు దిగుతుంటే మావిస్‌కి ఒళ్ళు తేలికపడింది. సమాధానం చెప్పాల్సినవాడికి చెప్పేశానన్న తృప్తితో ఆరోజు పనిచేసుకుంటూ కూనిరాగం కూడా తీసింది.

శుక్రవారం పొద్దున్న వ్యాయామశాల హాల్లో ఓట్ల లెక్కింపు. కౌన్సిల్ ఉద్యోగులకి ఆ పని వేస్తారు. మావిస్‌ది ఏటా అదే. గుమ్మంలోనే కాగితం మీద సంతకం తీసుకున్నారు, ఇక్కడ చూసిన చీటీల సంగతి బయట ఎక్కడా నోరు మెదపకూడదని. బాడ్మింటన్ గీతల మీద బల్లలు వేశారు. మార్కెట్ వార్డు బల్ల దగ్గర మావిస్ పక్కన ఇంటి అద్దెల ఆఫీసు లొరెయిన్ కూర్చుంది. నోటికి మూత లేని మనిషి. బల్లకి అటువైపు స్వేల్స్, అభ్యర్థుల మనుషులు నిలబడి మెడలు చాపి చూస్తున్నారు. వాళ్ళు చూడొచ్చు, ముట్టుకోకూడదు.

వేలికి రబ్బరు తొడుగు వేసుకుని, చీటీ విప్పి, తిరగేసి, ఐన్లీవి ఎడమకి, స్వేల్స్‌వి కుడికి. పాతికకో కట్ట, కట్టకో రబ్బరు బ్యాండు. అర్థం కానివి మధ్యలో ఉన్న ట్రేలోకి. రెండు గడుల్లోనూ గుర్తు పెట్టినవి, ఖాళీవి, "అందరూ దొంగలే" అని అడ్డంగా రాసినవి. ఎన్నికల అధికారి పెల్ గారు చివర్లో వచ్చి వాటి సంగతి తేలుస్తాడు.

పదిన్నరకి లొరెయిన్ చీటీ ఒకటి విప్పి కిసుక్కున నవ్వింది.

"ఒసే మావిస్, ఇది చూడవే! స్వేల్స్ గారికి ఎవరో వేడివేడిగా వడ్డించారు. ఆవిరి కూడా పోతోంది!"

మావిస్ చూసింది. తన ముద్ద, తన చిన్న ముద్ద, తన మూడు గీతలు. చెంపలు వేడెక్కాయి. "ట్రేలో పడెయ్యి. చెల్లదుగా," అంది. లొరెయిన్ పడేసింది. లోపల మావిస్‌కి కాస్త గర్వంగా కూడా ఉంది. ఎదురుగా నిలబడ్డ స్వేల్స్ దాన్ని చూడాలనే ఉంది.

లెక్క సాగుతున్నకొద్దీ నవ్వులు ఆగిపోయాయి. కట్టలు పక్కపక్కనే పెరుగుతున్నాయి. ఇటు ఇరవై నాలుగు, అటు ఇరవై నాలుగు. కట్టలకి మిగిలినవి ఇటు పదకొండు, అటూ పదకొండు. ఆరువందల పదకొండు, ఆరువందల పదకొండు. బల్ల చుట్టూ జనం ఇంకా దగ్గరికి జరిగారు. ఇక మిగిలింది మధ్యలో ట్రే.

పెల్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని వచ్చాడు. ఇరవై ఒక్క చీటీలు. ఒక్కొక్కటే ఎత్తి ఇరువైపులా చూపించి "చెల్లదు" అంటున్నాడు. చెల్లదు, చెల్లదు, చెల్లదు. పంతొమ్మిదోది ఎత్తి ఆగాడు.

స్వేల్స్ ముందుకి వంగాడు. ఒక్క క్షణం మొహం ఎర్రబడింది. మరుక్షణం ఆ నవ్వు వచ్చేసింది, గులాబీ పెట్టుకున్న నవ్వు.

"ఐస్‌క్రీమ్! పాపం ఎవరో అభిమాని. వేసవి సంబరాల్లో పిల్లలకి ఐస్‌క్రీమ్ పంచింది నేనే కదండీ," అన్నాడు.

"ఐస్‌క్రీమ్ ఏమిటి, నీ మొహం!" అని ఎగిరింది రూత్ ఐన్లీ తరఫు ముసలావిడ. "ఆవిరి కనపడట్లేదా? పెల్ గారూ, అది ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది తిట్టు!"

"అదేమిటో తేల్చడం నా పని కాదమ్మా," అన్నాడు పెల్ గారు నెమ్మదిగా. "ఎక్కడుందో చూడటం నా పని. ఒక్క గడిలోనే ఉంది. రెండోది ఖాళీ. గీతలు ఎక్కడా దాటలేదు. గడి దాటి పేరు మీద పడినా, పేజీ అంతా పాకినా కొట్టేసేవాణ్ణి. ఇంత పద్ధతిగా, ఇంత జాగ్రత్తగా ఒక అభ్యర్థి గడిలో పెట్టిన గుర్తుని కాదనలేను. స్వేల్స్ గారికే."

చెల్లుతుంది! మావిస్ కుర్చీలోంచి సగం లేచింది. "అదీ..." అంది. అందరూ ఆమె వైపు చూశారు. ఏం చెప్పాలి? నాది అనా? ఏ చీటీ ఎవరిదో బయటపెడితే ఏమవుతుందో తను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. చెప్పినా పెల్ గారు ఏమంటాడు? మీ మనసులో ఏముందో నాకెందుకు, గడిలో ఏముందో చాలు అంటాడు. "రబ్బరు బ్యాండు పడింది," అని కూర్చుంది. మిగిలిన రెండు చీటీలు చెల్లలేదు.

ఆరువందల పన్నెండు, ఆరువందల పదకొండు.

మళ్ళీ లెక్కపెట్టమన్నారు ఐన్లీ వైపువాళ్ళు. కట్టలన్నీ విప్పి మళ్ళీ లెక్కపెట్టారు. మావిస్ రెండుసార్లు లెక్క తప్పింది. తన ఒక్క ఓటు పైగడిలో పడి ఉంటే? ఆవిడకి ఆరువందల పన్నెండు, వీడికి ఆరువందల పదకొండు. ఎన్నిసార్లు లెక్కేసినా అదే. తన వేలితో తన కన్నే పొడుచుకుంది. రెండో లెక్కలోనూ అంకె మారలేదు.

ఫలితం చదివేముందు అభ్యర్థులిద్దరూ వేదిక మీద వరసగా అందరితో చెయ్యి కలిపారు. రూత్ ఐన్లీ మేయరు గారితో చెయ్యి కలిపింది, పెల్ గారితో కలిపింది, స్వేల్స్‌తో కలిపింది. కలిపిన ప్రతిసారీ పక్కకి తిరిగి జేబులోంచి ఆ సీసా తీసి, వేలి సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు దాకా రుద్దుకుంది. మెళ్ళో బంగారు గొలుసున్న మేయరైనా అంతే, ఇంకెవరైనా అంతే.

"ఆవిడకేమన్నా పిచ్చా?" అంది మావిస్.

"పిచ్చేంటే? మొగుడికి కిడ్నీ మార్చారు కదా, మార్చిలో," అంది లొరెయిన్. "ఆయనకి చిన్న జలుబు అంటుకున్నా ప్రాణం మీదికొస్తుందట. అందుకని కన్నతల్లిని ముట్టుకున్నా అంతేనట. ఊరంతా తెలుసు, నీకు తెలీదూ?"

తెలీదు. గోడ వెనక గొట్టం చెప్పేది తప్ప మావిస్‌కి ఎవరి సంగతీ తెలీదు. ఒక్క మాట అడిగితే ఆ మంగళవారమే తెలిసి ఉండేది. తన మీద తనకి అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

మైకు ముందు స్వేల్స్ చేతులు చాచాడు. "ప్రతి ఓటూ విలువైనదే అంటారు కదా. ఇవాళ ఒక్క ఓటు నన్ను నిలబెట్టింది. ఆ ఓటు ఎవరిదో, వారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. లొరెయిన్ మావిస్ డొక్కలో పొడిచి, "ఆ పేడ బొమ్మ వేసినవాడు ఇప్పుడు ఎక్కడో కూర్చుని తల బాదుకుంటుంటాడు," అని నవ్వింది. మావిస్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఎలా?

మళ్ళీ మంగళవారం. కౌన్సిల్ మీటింగ్ ఇంకా రెండు వారాలుంది, కొలిచే టేపు మాత్రం ముందే వచ్చేసింది. స్వేల్స్ ఇద్దరు కుర్రాళ్ళని వెంటేసుకొచ్చాడు. వాళ్ళు గుమ్మం కొలిచి, కిటికీలు కొలిచి, ఆడవాళ్ళ వైపు బార్ కౌంటరు ఎక్కడ వస్తుందో సుద్దతో గీసుకున్నారు. ఆవిడ పొద్దున్నే తుడిచిన నేల మీద బూట్ల ముద్రలు పడ్డాయి. "పాత పింగాణీ ఒకటి రెండు ఉంచుదాం, చూడ్డానికి సరదాగా ఉంటుంది," అన్నాడొక కుర్రాడు. మనుషులు ఒంటికి పోసుకున్నచోట వైన్ తాగడం వీళ్ళకి సరదా! మావిస్ మాప్ గట్టిగా పిండింది.

స్వేల్స్ ఒకసారి మగవాళ్ళ వైపు వెళ్ళాడు. మావిస్ గదిలోకొచ్చి కుర్చీలో కూర్చుంది. ఫ్లష్, జిప్, బూట్లు. గొట్టం గుర్రుమనలేదు.

"ఒక్క ఓటు, మావిస్! ఒక్కటే!" అంటూ గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు. "నీకు ఇంకోచోట పని చూస్తాలే, దిగులు పడకు. పార్కులోనో ఎక్కడో. మన మధ్య కోపతాపాలు ఉండకూడదు."

ఆ చెయ్యి అలా గాల్లో నిలిచింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చేతికి దొరక్కుండా బకెట్టో బ్రష్షో అడ్డం పెట్టుకుని తప్పించుకుంది. ఇవాళా మాప్ చేతిలోనే ఉంది. కానీ వద్దనడానికి తనకేం మొహం ఉంది? మాప్ గోడకి ఆనించి చెయ్యిచ్చింది. ఆ అరచెయ్యి చెమ్మగా, వెచ్చగా తగిలింది.

వాళ్ళు వెళ్ళారో లేదో, తొమ్మిదిన్నర బస్సు దిగి వాల్టర్ వచ్చాడు. నేల మీద సుద్దగీతలు చూశాడు. కర్రతో ఒక గీతని తడిమాడు.

"అయితే అయిపోయిందన్నమాట."

"అయిపోయింది వాల్టర్. నెలాఖరు దాకా ఉంటుందేమో."

"ఒక్క ఓటట కదా! ఒక్క మనిషి తల్లీ, ఆ ఒక్క మనిషి పుణ్యం కట్టుకుని ఉంటే... పోన్లే. ఎవడో ఏమిటో. వాడికీ నా వయసు రాకపోదు, అప్పుడు తెలుస్తుంది."

మావిస్ బకెట్‌లోకి చూసింది. సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది, ఆ వెంటనే ఆ కాగితాన్ని తిట్టుకుంది.

"ఆ ఓటు నాదే వాల్టర్. స్వేల్స్‌కి వేసింది నేనే."

వాల్టర్ ఆవిడ మొహంలోకి చూశాడు. చూసి చూసి నవ్వడం మొదలెట్టాడు. భుజాలు కదిలిపోయేలా, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"నువ్వా! స్వేల్స్‌కా! ముసలాణ్ణి నవ్వించి చంపుతావా ఏమిటి? అబ్బబ్బ, ఇక ఆగదు, తప్పుకో తల్లీ, తప్పుకో..." అంటూ కర్ర తాటించుకుంటూ మగవాళ్ళ వైపు పరిగెత్తినంత పని చేశాడు.

"నిజంగానే," అంది మావిస్. తలుపు అప్పటికే మూసుకుంది.

కుర్చీలో కూర్చుని స్వేల్స్ పట్టుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి గోడ వెనక గొట్టం గుర్రుమంది. ఆగలేదు. వాల్టర్ ఎప్పుడూ సబ్బు రాసి, నిదానంగా, శుభ్రంగా కడుక్కుంటాడు.